14 అంగుళాల మానిటర్ మరమ్మతు: మూడో వారం

ఒకప్పుడు ఎడిటింగ్ గదిలో పనిచేసిన 14 అంగుళాల పాల్ (ఒక టీవీ సిగ్నల్ పద్ధతి) రంగుల మానిటర్ నా బల్ల మీదికి చేరి మూడు వారాలైంది. స్విచ్ వేయగానే తెర మధ్యలో అడ్డంగా ఒక తెల్లని గీత మాత్రమే వెలిగేది. గీత వెలుగుతున్నదంటే ఈహెచ్‌టీ (ట్యూబుకు అందే వేల వోల్టుల సరఫరా), ఎలక్ట్రాన్ కిరణాన్ని అడ్డంగా నడిపే హారిజాంటల్ విభాగం, పిక్చర్ ట్యూబు మూడూ బాగున్నట్టే కనుక వెతుకులాటను కిరణాన్ని పైకీ కిందికీ నడిపే వర్టికల్ విభాగానికే పరిమితం చేసుకున్నాను. ఆ గీతను ఎక్కువసేపు వెలగనిస్తే తెర లోపలి ఫాస్ఫర్ పూత కాలి శాశ్వతంగా చార పడుతుంది. అందువల్ల బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, పరీక్షించిన ప్రతిసారీ కొన్ని సెకన్లకే ఆపేశాను.

మొదటి వారం ప్లగ్గు పీకి, వెనుక మూత తీసి, ట్యూబు నల్లపూతను ఆనుకొని ఉండే అల్లిక తీగకు రెసిస్టర్ ద్వారా కలిపిన స్క్రూడ్రైవర్‌ను ఆనోడ్ రబ్బరు కప్పు కిందికి జొనిపి, అక్కడ నిలిచి ఉండే వేల వోల్టుల చార్జ్‌ను దింపాను. కాసేపటికి చార్జ్ కొంత తిరిగి చేరుతుంది కాబట్టి చేయి పెట్టే ముందు మరోసారి దింపడం తప్పనిసరి. యోక్ (ట్యూబు మెడ చుట్టూ ఉండి కిరణాన్ని వంచే తీగచుట్టలు) కనెక్టర్ పిన్నును భూతద్దంతో చూస్తే దాని చుట్టూ టంకంలో వెంట్రుకంత సన్నని పగులు ఉంగరంలా కనిపించింది. పాత టంకాన్ని పూర్తిగా తీసి కొత్తది పెట్టాను.

బొమ్మ వచ్చింది, కానీ పైభాగం రెండు వేళ్ల మందాన మడతపడి, అందులో తెల్లని గీతలు మెరిశాయి. పాల్‌లో ప్రతి ఫీల్డుకూ, అంటే కిరణం తెరను పైనుంచి అడుగుదాకా ఒకసారి గీసి తిరిగి పైకి రావడానికి, 20 మిల్లీసెకన్లు ఉంటాయి. అందులో దాదాపు ఒక మిల్లీసెకనులోనే కిరణం అడుగు నుంచి పైకి చేరాలి. ఆ కొద్ది క్షణం వర్టికల్ ఐసీకి 24 వోల్టులు చాలవు. పంప్-అప్ కెపాసిటర్ తన చార్జ్‌ను జోడించి సరఫరాను దాదాపు రెట్టింపు చేస్తుంది. అది ఎండిపోతే కిరణం ఆలస్యంగా పైకి చేరి, మొదటి లైన్లు ఒకదానిపై ఒకటి పడతాయి. విప్పి కొలిస్తే 100 మైక్రోఫారడ్‌లు ఉండవలసిన ఆ కెపాసిటర్ 31 మాత్రమే చూపింది. వేడెక్కే హీట్‌సింక్‌కు ఆనించి దాన్ని అమర్చడమే ఇందుకు కారణమని నా అభిప్రాయం. కోఠి గుజరాతీ గల్లీలో 105 డిగ్రీలకు తట్టుకునే 63 వోల్టుల రకం కొని, కాళ్లు కాస్త పొడుగ్గా ఉంచి, హీట్‌సింక్‌కు దూరంగా వంచి అతికించాను.

ఈ వారం గళ్ల ప్యాటర్న్ పెట్టి చూస్తే పై గళ్లు సమంగా ఉన్నాయి, అడుగు వరుస మాత్రం కొద్దిగా నొక్కుకుపోయింది. బొమ్మ ఎత్తునూ, గళ్ల సమానతనూ సరిచేసే హైట్, లీనియారిటీ ప్రీసెట్లను ఇంకా తిప్పలేదు. యోక్‌కు సిరీస్‌లో ఉన్న 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌ను మార్చిన తరువాతే వాటిని సరిచేస్తాను.