జెండా ధర ఎవరికి వినబడాలి

మార్చి నెల కదా, వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు నిండా మిర్చి బస్తాలే. మేం చేస్తున్న వెబ్ అప్లికేషన్ కూడా అక్కడి అడ్తి దుకాణం (రైతు సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టేది) కోసమే. లాట్ నంబరు, రకం, బస్తాలు, ధర, అన్నీ కలిపి ఒక ఆబ్జెక్టు. ధర మారితే లిస్టు మారాలి, పైన మొత్తం మారాలి, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాళ్లు) ఖర్చులు పోను తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) లెక్క మారాలి.

ఇన్నాళ్లూ ధర మార్చే ఫంక్షనే వీటన్నిటినీ వరసగా పిలిచేది. ఇప్పుడు ఒక చార్ట్ కావాలన్నారు. మళ్లీ ఆ ఫంక్షన్‌నే కెలకడం ఇష్టం లేక, పొద్దున్నే అబ్జర్వర్ పద్ధతికి మార్చడం మొదలుపెట్టాం. ధర తన దగ్గర ఒక జాబితా పెట్టుకుంటుంది. కావాల్సిన వాళ్లు అందులో పేరు రాయించుకుంటారు. మారినప్పుడు అందరికీ కబురు పోతుంది.

"అన్నా, చార్ట్ ఉన్నదని ధరకు తెల్వద్దా?" అన్నాడు మా జూనియర్.

"తెల్వద్దు. జెండా పాట పాడేటాయన ఎవరెవరు వింటున్నరో లెక్క వెడ్తడా?"

యార్డులో ఆ రోజు మేలు సరుకుకు పలికే అత్యధిక ధరే జెండా ధర, దాన్ని తేల్చే వేలం జెండా పాట. వాడికి అర్థమైంది, కాస్త ఎక్కువగానే. ఊపులో రైతు లాట్ ధరను కూడా జెండా ధరకు తగిలించాడు. జెండా ధర మారగానే తాలు కాయకూ (రంగు పోయిన నాసిరకానికీ) అదే ధర పడింది! నిజంగా అట్లా పడితే యార్డులో రోజూ పండగే. దాన్ని వెంటనే తీయించాను.

జావాస్క్రిప్ట్‌లో దీనికి నేరుగా ఆబ్జెక్ట్.అబ్జర్వ్ అని ఒకటి ఉండేది. 2014లో క్రోమ్‌లోకి వచ్చింది, 2015లో ఆ ప్రతిపాదననే వెనక్కి తీసుకున్నారు. మేం ప్రాక్సీ వాడాం, అది ఆబ్జెక్టు ముందు నిలబడే కాపలా లాంటిది, దాని ద్వారా ఏ విలువ మారినా అక్కడే పట్టుకోవచ్చు.

అసలు తలనొప్పి మధ్యాహ్నం తర్వాత. చార్ట్ పేజీ మూసేసినా దాని పేరు జాబితాలోనే ఉండిపోతోంది. తెరిచి మూసిన ప్రతిసారీ ఇంకో పేరు చేరుతోంది. ఒక్క ధర మారిస్తే కనిపించని చార్టులన్నీ లెక్కలు వేసుకుంటున్నాయి, మెమరీ కూడా ఖాళీ కావడం లేదు. అందుకే పేరు రాయించుకునే ఫంక్షనే, పేరు కొట్టేయించుకునే ఫంక్షన్‌ను తిరిగి ఇచ్చేట్టు రాశాం. పేజీ మూసేటప్పుడు దాన్ని పిలవాల్సిందే. చేరడం అందరికీ గుర్తుంటుంది, పోయేటప్పుడు చెప్పి పోవడమే ఎవరికీ గుర్తుండదు.

రైతుకు పోయే ఎస్సెమ్మెస్‌ను మాత్రం ఇందులో కలపనివ్వలేదు. గుమాస్తా 14200 అని కొడుతుంటే మధ్యలో 1, 14, 142 కూడా మార్పులే. క్వింటాలుకు 142 అని కబురు పోతే ఆ రైతు గుండె ఏం కావాలి? తెర మీద బొమ్మ తప్పయితే మళ్లీ గీసుకోవచ్చు, పోయిన మెసేజ్‌ను వెనక్కి తేలేం. కాంటా అయ్యాక గుమాస్తా బటన్ నొక్కితేనే పోవాలి, ఆ పిలుపు కోడ్‌లో ఎదురుగా కనబడాలి. జూనియర్‌కు ఇది పాతకాలపు పద్ధతిలా తోచింది. కాసేపు వాదించి ఊరుకున్నాడు.

రేపు అడ్తి సేటుకు చూపించాలి. ఆయన ఇవేవీ అడగడు, అక్షరాలు పెద్దగా చేయమంటాడు.