అరకు పోయె, జిరంగ్ వచ్చె

ఒడిశాలో మా బరంపురం దగ్గరున్న వేడినీటి ఊట తప్తపాణి. అక్కడికి వెళ్ళొచ్చిన వాళ్ళందరూ వేడినీళ్ళ గురించే చెబుతారు. నాకు మాత్రం అక్కడ ఒకావిడ మా చిన్నోడి ముఖం మీద మచ్చలు చూసి నాలుగడుగులు వెనక్కి వేసి, మళ్ళీ అదే చేత్తో పక్కనున్న మా పెద్దమ్మాయి బుగ్గ గిల్లి ముద్దు పెట్టుకోవడం గుర్తుండిపోయింది. ఆ రోజంతా ఇదే వరస. మచ్చలున్న వాణ్ణి చూసి అందరూ పారిపోవడం, ఏ మచ్చా లేని పిల్లని దగ్గరికి తీసుకోవడం. మాకేమో భయమంతా ఆ పిల్ల గురించే.

అసలు మేం వెళ్ళాల్సింది అరకు. క్రిస్మస్ సెలవుల్లో బరంపురం నుంచి విశాఖ వెళ్ళి, అక్కడ మా వదిన వాళ్ళతో కలిసి రైల్లో అద్దాల పెట్టెలో అరకు, దారిలో బొర్రా గుహలు. ఆ అద్దాల పెట్టెకి సెలవుల్లో టికెట్లు దొరకడం ఎంత కష్టమో ప్రయత్నించిన వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మా ఆయన పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చుని మరీ సంపాదించారు. బట్టలు సర్దడం కూడా అయిపోయింది. అప్పుడు చిన్నోడికి స్నానం చేయిస్తుంటే వీపు మీద నీటి పొక్కులు కనిపించాయి. దోమలు కుట్టాయేమో అనుకుందామని చూశాను గానీ సాయంత్రానికి పొట్ట మీదా, తలలో జుట్టు కిందా కూడా లేచాయి. అత్తయ్య చూస్తూనే చేతులు జోడించి "అమ్మవారు పోసింది" అన్నారు. మర్నాడు డాక్టర్ గారు వాడి చొక్కా పూర్తిగా విప్పక ముందే చికెన్‌పాక్స్ అని తేల్చేశారు.

ఆ రాత్రి మా ఇంట్లో జరిగింది చిన్న పంచాయితీ. మా ఆయన లెక్క ఏంటంటే, జ్వరం పెద్దగా లేదు, వాడు హుషారుగానే ఉన్నాడు, ఫుల్ చేతుల చొక్కా వేస్తే ఎవరికీ కనపడదు, హోటల్ రూమ్‌లో ఆడుకుంటాడు, టికెట్లు ఆలస్యంగా క్యాన్సిల్ చేస్తే ఇంకా ఎక్కువ కోస్తారు. కనపడదు అన్న మాట దగ్గరే నాకు కోపం వచ్చింది. ఈ జబ్బు ముట్టుకుంటేనే కాదు, గాలిలో కూడా పాకుతుంది. మూసేసిన ఏసీ బోగీలో గంటల తరబడి ఎదురు సీట్లో ఎవరు కూర్చుంటారో, వాళ్ళ ఒళ్ళో నెలల పిల్ల ఉంటుందో, వాళ్ళింట్లో క్యాన్సర్ మందులు వాడుతున్న మనిషి ఉంటారో మనకేం తెలుసు? ఫుల్ చేతుల చొక్కా వాళ్ళనేం కాపాడుతుంది?

సరే, వదినకి ఫోన్ చేశాను. "ఏం కాదమ్మాయ్, తీసుకొచ్చెయ్, మా పిల్లలందరికీ పోసింది, అందరూ దుక్కల్లా ఉన్నారు" అంది. వాళ్ళ కోడలికి ఐదో నెల. "తనకి చిన్నప్పుడు పోసిందా వదినా?" అని అడిగితే ఫోన్ అవతల కాసేపు మాట లేదు. వాళ్ళ అమ్మగారిని అడిగారు. ఆవిడ తట్టు వచ్చిందన్నారు, ఇది గుర్తులేదన్నారు. తట్టు వేరు, ఇది వేరు. ఇంతకు ముందు రాని వాళ్ళకి గర్భంతో ఉండగా ఇది వస్తే ఊపిరితిత్తుల దాకా వెళ్ళే ప్రమాదం ఉందని, కాన్పు దగ్గర్లో వస్తే పుట్టిన బిడ్డకీ కష్టమని డాక్టర్ గారు చెప్పారు. ఆ ముక్క వదినకి చెప్పాక ఇంక ఎవరూ రమ్మనలేదు. మావి క్యాన్సిల్ చేశాం, కొంత డబ్బు పోయింది, వాళ్ళు వెళ్ళారు. బొర్రా గుహల ముందు ఫోటోలు వరసగా వాట్సాప్‌లో వచ్చి పడుతుంటే నేను చిన్నోడికి కాలమైన్ రాస్తూ కూర్చున్నాను.

కానీ అసలు టెన్షన్ ఇంకొకటి. డాక్టర్ గారు చిన్నోడికి మందు రాస్తూనే, ఆస్పిరిన్ మాత్రం పొరపాటున కూడా వెయ్యొద్దని చెప్తూ, తల ఎత్తకుండా "పెద్దపాప సంగతేంటి?" అన్నారు. పెద్దపాపకేముంది, బయట వరండాలో గెంతులేస్తోంది. సంగతి ఏంటంటే ఈ జబ్బు ఒంట్లో దూరాక బయటపడడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే పక్కవాళ్ళకి అంటుతుంది. అంటే మనిషి మీద ఒక్క చుక్క కూడా లేనప్పుడే! చిన్నోడి విషయంలో అయితే, కొత్త పొక్కులు లేవడం ఆగి, ఉన్నవన్నీ ఎండి పెచ్చులు కట్టాక ఇంక భయం లేదు, ఆ పెచ్చుల వల్ల ఎవరికీ ఏమీ రాదు. మచ్చలు వారాల పాటు కనిపిస్తాయి, అంతే.

దీనికి టీకా ఉంది గానీ ప్రభుత్వం పిల్లలకి ఉచితంగా వేసే వాటిలో లేదు. ప్రైవేటులో ఒక్క డోసుకే రెండు వేలు దాటుతుంది, ఇద్దరు పిల్లలకి రెండేసి డోసులంటే మా లాంటి ఇళ్ళల్లో అది ఎప్పుడూ వచ్చే నెలకే వాయిదా పడుతుంది. పక్కన జబ్బు పడ్డ మనిషి ఉన్నా మూడు నుంచి ఐదు రోజుల్లోపు వేస్తే చాలావరకు రాకుండా ఆపుతుందని, వచ్చినా తేలికగా పోతుందని చెప్తే వెంటనే పెద్దదానికి వేయించాం. చాలావరకు అన్నారు, తప్పకుండా అనలేదు.

ఇంట్లో గడిచిన రోజుల గురించి రాయడానికేం లేదు. గుమ్మానికి వేపాకు, పోపు పెట్టని కూరలు, గోక్కోకుండా కత్తిరించిన గోళ్ళు, రోజంతా కార్టూన్లు. చివరికి ఒంటి మీదవన్నీ పెచ్చులు కట్టాయి. డాక్టర్ గారు ఇంక బయట తిరగొచ్చన్న రోజే, అత్తయ్య కూడా వేపాకు పసుపు వేసి కాచిన నీళ్ళు వాడికి తలారా పోసి అమ్మవారిని సాగనంపారు. వీళ్ళిద్దరూ ఒక మాట మీదకి రావడం మా ఇంట్లో అరుదు. అయితే ఇద్దరి లెక్కా చిన్నోడి ఒంటి మీదే ఆగింది. డాక్టర్ గారు హెచ్చరించిన 21 రోజులు పెద్దదానికి ఇంకా నిండలేదు.

సెలవుల్లో మిగిలింది ఒక ఆదివారం. పిల్లలు ఇంట్లో ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పీక్కుంటున్నారు. పెద్దదాన్ని అత్తయ్య దగ్గర వదిలి వెళ్దామంటే, "నేను లేకుండా తప్తపాణి ఏంటి" అని ఆవిడే ముందు తయారైపోయారు. ఆఖరికి నేను కొన్ని షరతులు పెట్టి ఒప్పుకున్నాను. మన కారే, ఎవర్నీ ఎక్కించుకోం. తిండి ఇంటి నుంచే. గదుల్లో, హోటల్లో, బడ్డీ కొట్టు బల్లల మీద కూర్చోవడం లేదు. పెద్దదాని మూతికి మాస్కు, పక్కన నేను. నీళ్ళల్లో దిగేది లేదు. ఎవరైనా దగ్గరికొస్తే సంగతి చెప్పేయడం. రద్దీ ఉంటే కారు దిగకుండా వెనక్కి తిప్పేయడం.

పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరాం. దిగపహండి దాకా రోడ్డు గురించి చెప్పుకునేదేం లేదు. తప్తపాణి మా ఊరికి 50 కిలోమీటర్లు, కొండ మొదలవగానే చలి అద్దంలోంచి లోపలికొచ్చేసింది. పార్కింగ్ దగ్గర రసీదు పుస్తకం పట్టుకుని ఒకతను కారు ఆగక ముందే వచ్చాడు, ఎంత రాశాడో చదివే లోపే చించి చేతిలో పెట్టాడు. అలాంటి పుస్తకాలు మా బరంపురంలో కూడా పుట్టగొడుగుల్లా ఉన్నాయి కాబట్టి వాదించలేదు.

ఊట దగ్గర గంధకం వాసన. కందుని దేవికి దణ్ణం పెట్టుకున్నాం. అక్కడే మొదలైంది. స్నానాలు చేస్తున్న వాళ్ళలో ఒక పెద్దాయన చిన్నోణ్ణి చూసి ఒడియాలో, బాబుకి ఠాకురాణి, అంటే అమ్మవారు, వచ్చి వెళ్ళినట్టుంది, ఈ నీళ్ళల్లో మూడు మునకలు వేయించండి, మచ్చ ఒక్కటి కూడా మిగలదు అన్నాడు. అత్తయ్యకి అదే కావాలి. ఆవిడ దారి పొడుగునా గంధకం నీళ్ళు చర్మానికి ఎంత మంచివో చెప్తూనే ఉన్నారు. "కాళ్ళయినా ముంచనీ అమ్మా" అన్నారు. పెచ్చులు పూర్తిగా రాలకుండా ఆ వేడి నీళ్ళల్లో నానితే పుండ్లు పడతాయని, గోకితే మచ్చలు గుంటలు పడతాయని నేను. ఆ పెద్దాయన నన్ను దేవుడి మీద నమ్మకం లేని దాన్ని చూసినట్టు చూశాడు. నేను వద్దన్నది చిన్నోడి గురించి ఒక్కటే కాదు. ఇక్కడికి సంతానం కోసం మొక్కుకుని వచ్చే ఆడవాళ్ళు ఎంతమందో మా వైపు అందరికీ తెలుసు. మొక్కు అప్పుడే ఫలించి, ఆ సంగతి ఇంకా ఎవరికీ చెప్పుకోని మనిషి కూడా ఆ మెట్ల మీద ఉండొచ్చు. వాళ్ళ మధ్యలోకి మా పెద్దదాన్ని ఎలా పంపను?

పంపలేదు గానీ వాళ్ళే వచ్చారు. ముందు చెప్పిన బుగ్గ గిల్లిన ఆవిడ అక్కడే. చిన్నోణ్ణి చూసి వెనక్కి తగ్గి, పెద్దదాని మాస్కు కిందకి లాగి మరీ "ఎంత ముద్దుగా ఉంది" అని. మాస్కు ఎందుకు పెట్టామో అడగలేదు! నేను సంగతి చెప్పేసరికి, నాకు చిన్నప్పుడే వచ్చి పోయింది అని నవ్వేసింది. అలాంటప్పుడు చిన్నోణ్ణి చూసి ఎందుకు అంత దూరం జరిగిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చిన్నోడి మొహం చిన్నబోయింది. ఐదేళ్ళ పిల్లాడికి "నీ వల్ల ఏం రాదురా నాన్నా" అని చెప్పగలం గానీ, లోకానికి ఎలా చెప్పడం?

అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. ఘాట్ ఎక్కి గజపతి జిల్లాలోకి, చంద్రగిరి దాటి జిరంగ్ వెళ్ళాం. 1963లో టిబెట్ వాళ్ళు వచ్చి స్థిరపడిన చోటు. అక్కడి పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. చలికాలంలో ఊళ్ళల్లో స్వెటర్ల కొట్లు పెట్టేది వీళ్ళే కదా, అందుకేనేమో ఇళ్ళ దగ్గర ముసలివాళ్ళే ఎక్కువ కనిపించారు. లోపల బుద్ధుణ్ణి వంతులవారీగా చూశాం. ముందు అత్తయ్యా, చిన్నోడూ, ఆయనా వెళ్ళొచ్చారు, నేను పెద్దదానితో బయట పచ్చికలో.

అక్కడికి పలాస వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద గుంపు తగిలింది. తెలుగు వినపడగానే ఎంత ప్రాణం లేచొస్తుందో, ఇక్కడి వాళ్ళకి తెలుసు. అందులో ఒకమ్మాయి నిండు చూలాలు. పెద్దదాన్ని చూసి "రామ్మా, నాతో ఒక ఫోటో" అని చెయ్యి చాపింది. నేను పిల్లని రెక్క పట్టుకుని వెనక్కి లాగేశాను. లాగిన తీరు చూసి ఆ అమ్మాయి బిత్తరపోయింది. దూరం నుంచే మొత్తం చెప్పాను, మా చిన్నోడికి పోసింది, దీనికి ఇంకా గడువు ఉంది, మీరు దగ్గరికి రావద్దు అని. వాళ్ళాయన ముఖం ఎర్రబడింది. "మరలాంటప్పుడు పిల్లని ఎందుకు తెచ్చారండీ ఇక్కడికి?" అన్నాడు.

ఆ మాటలో న్యాయం ఉంది. ఆరుబయటే తిరుగుతున్నాం, మాస్కు పెట్టాం, టీకా వేయించాం, ఎవరికీ ఆనకుండా చూస్తున్నాం అని చెప్పాను. "చెప్పకుండా ఊరుకుని ఫోటో దిగనిచ్చే వాళ్ళు కూడా ఉంటారు కదండీ" అని కూడా అన్నాను, కాస్త గట్టిగానే. అతను ఇంకేదో అనబోతుంటే ఆ అమ్మాయే ఆపింది. గుంపు మొత్తం అవతలి వైపుకి వెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్తూ వెళ్తూ చూసింది మాత్రం అప్పుడే మెట్లు దిగి వస్తున్న మా చిన్నోడి వైపే.

మోమోలు పార్సిల్ తెచ్చుకుని కారులో తిన్నాం. ఆవిరి మీద ఉడికించిన మైదా ముద్దలకి ఆ రేటేంటో అని నేననుకుంటుంటే, చిన్నోడు మాత్రం ప్లేటు మొత్తం ఊదేశాడు. తింటుంటే నా చిన్నప్పటి ఇచ్ఛాపురం గుర్తొచ్చింది. ఎండాకాలంలో మా పెద్దనాన్న కూతురికి ఇది పోస్తే, ఎలాగూ రాక తప్పదు, అందరికీ ఒకేసారి అయిపోతే పీడా పోతుందని పిల్లలందర్నీ ఒకే చాప మీద పడుకోబెట్టారు మా నానమ్మ. మాకది పండగలాగే ఉండేది, బడి లేదు, మజ్జిగన్నం, వేపాకు విసనకర్రలు. ఆ ఇంట్లో అప్పుడు ఎవరూ నెలలు నిండి లేకపోవడం మా అదృష్టం. అత్తయ్యకి చెప్తే "మా రోజుల్లోనూ అంతే" అని ఇంకో మోమో తీసుకున్నారు.

తిరుగు దారి అంతా పిల్లలు నిద్ర. మంగళవారం పొద్దున జడ వేస్తుంటే పెద్దదాని చెవి వెనక రెండు నీటి పొక్కులు, మెడ మీద ఒకటి. టీకా పుణ్యాన అంతకు మించి పెద్దగా రాలేదు, జ్వరం కూడా రాలేదు. కానీ వెనక్కి లెక్క వేసుకుంటే ఆదివారం నాడు ఆ అమ్మాయి చెయ్యి చాపినప్పుడు దీని నుంచి అంటుకునే అవకాశం లేకపోలేదు. మా ఆయన లెక్క విని ఏం మాట్లాడకుండా వెళ్ళి కాలమైన్ సీసా తెచ్చారు.

స్కూలుకి ఫోన్ చేసి అన్నీ పెచ్చులు కట్టేదాకా పంపనని చెప్పాను. క్లాస్ టీచర్ గారు "మూడు కురుపులేగా మేడమ్, వచ్చేవారం యూనిట్ టెస్టులున్నాయి, ఫుల్ చేతుల చొక్కా వేసి పంపండి" అన్నారు. మీ స్టాఫ్‌లో ఎవరైనా గర్భంతో ఉన్నారా అని అడిగాను. కాసేపు ఆగి, లీవ్ లెటర్ పంపించమన్నారు.