ఆ హ్యాష్ ముంచింది
బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న క్యాబ్‌లో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, సర్వర్ ఎందుకు లేవట్లేదో అని గంట నుంచి తల పట్టుకున్నా. చివరికి సెట్టింగుల ఫైల్లో దొరికింది ఒక్క లైను: టైమవుట్ = 30 # సెకన్లు.

హ్యాష్ (#) తర్వాత ఉన్న ఆ కామెంట్, అంటే ప్రోగ్రామ్ కోసం కాకుండా మనుషుల కోసం పెట్టే నోట్, రాసింది నేనే, తర్వాత చూసేవాళ్లకి అర్థం కావాలని! కానీ సెట్టింగుల ఫైల్ని చదివే పైథాన్ కాన్ఫిగ్‌పార్సర్, మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప, విలువ పక్కన ఉన్న కామెంట్‌ని తీసెయ్యదు. 30, హ్యాష్, సెకన్లు అన్నీ కలిపి విలువే అనుకుంటుంది.

తిట్టుకున్నా గానీ, పాస్‌వర్డ్‌లో హ్యాష్ ఉంటే సగం మింగేసి చప్పుడు చెయ్యకుండా కూర్చోవడం కంటే ఇదే నయం. యామల్ అనే ఇంకో రకం సెట్టింగుల ఫైల్లో హ్యాష్ ముందు ఖాళీ ఉంటేనే కామెంట్, నాకైతే ఆ పద్ధతి ఇష్టం. జేసన్ అనే మరో రకంలో అసలు కామెంటే లేదు (అదో వేరే ఏడుపు).

కామెంట్‌ని పై లైనుకి జరిపితే సర్వర్ లేచింది. క్యాబ్ ఇంకా అక్కడే ఉంది.