ముల్లంగి అంటే సాంబారేనా?

తిరుపతి రైతు బజార్‌లో తెల్ల ముల్లంగి కొంటే మా ఇంట్లో సాంబారే. హాంకాంగ్‌లో పనిచేసి వచ్చిన వదిన 'లో బాక్ గో' అనే ముల్లంగి కేకు నేర్పింది. దక్షిణ చైనాలోని కాంటనీస్ వాళ్ల ఇళ్లలో దీన్ని చైనా కొత్త సంవత్సరానికి చేసుకుంటారు. ముల్లంగి తురుమును దాని నీళ్లతోనే మగ్గించి, బియ్యప్పిండి కలిపి, గంటసేపు ఆవిరి మీద ఉడికించాలి. అంతసేపు ఉడికితే విటమిన్ సి చాలావరకు పోతుంది, పీచు ఉంటుంది. పూర్తిగా చల్లారాకే ముక్కలు కోయాలి, వేడి మీద కోస్తే చిదిరిపోతుంది. వాళ్లు ఎండు రొయ్యలు, సాసేజ్, ఎండు పుట్టగొడుగులు వేస్తారు. అమ్మ శాకాహారి కాబట్టి నేను పుట్టగొడుగులే వేశాను. పెనం మీద చెనక్కాయ నూనెలో రెండువైపులా ఎర్రగా కాలిస్తే పైన కరకర, లోపల మెత్తన. నాన్న సోయా సాస్ పక్కకు నెట్టి ఎర్రకారం వేసుకున్నారు. నిజానికి అదే బాగుంది, వదినకు చెప్పకండి.