కందెన పూసిన ఒడ్డు

కర్నూలుకు ఆ పేరెలా వచ్చిందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. అలంపురం గుళ్లకు రాళ్లు మోసే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఈ ఒడ్డున ఆగి, ఇరుసులకు కందెన పూసుకునేవట. అదే కందెనవోలు, కందనవోలు, కర్నూలు. అయితే రాళ్ల ప్రయాణం అంతటితో ఆగలేదు. శ్రీశైలం జలాశయం కింద మునిగిపోయే గుళ్లను విప్పి, మళ్లీ ఈ చుట్టుపక్కలకే తెచ్చి నిలబెట్టారు. మేం తిరిగిందంతా ఆ రాళ్ల వెంటే.

కొండారెడ్డి బురుజు ఊరి నడిమధ్యన ఉంది. విజయనగర రాజు అచ్యుతదేవరాయలు కట్టించిన కోటలో మిగిలిన ముక్క. పొద్దున్నే వెళ్తే అరగంట చాలు. అక్కణ్ణుంచి హంద్రీ ఒడ్డునున్న, ఒకప్పుడు కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ సమాధికి పోవచ్చు. గుమ్మటాలు బాగుంటాయి, జనం ఉండరు. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరిది. వచ్చినవాళ్లు బురుజు ముందు ఫొటో దిగి శ్రీశైలమో మంత్రాలయమో బస్సెక్కేస్తారు. అది చూస్తే నాకు బాధేస్తుంది.

వాళ్లు వదిలేసి పోయేది జగన్నాథగట్టును. బి.తాండ్రపాడు దగ్గరి గుట్ట. ట్రిపుల్ ఐటీ కూడా ఆ పక్కనే. ఆటోవాళ్లు రానూపోనూ కిరాయి అడుగుతారు, పైన ఆగినంతసేపటికి వేరే. ఎక్కువే, కానీ తిరుగు ఆటో పైన దొరకదు కాబట్టి ముందే గంటన్నరకు మాట్లాడుకోవాలి. శివాలయంలో లింగం ఆరడుగులు. కృష్ణా నది నుంచి భీముడు మోసుకొచ్చాడని చెబుతారు. మేం వెళ్లింది మాత్రం ముంపు నుంచి తెచ్చిన రూపాల సంగమేశ్వరాలయం కోసం.

గుడిని తరలించడమంటే ఏమిటో తెలిస్తే దాన్ని చూసే తీరే మారిపోతుంది. ముందు నాలుగు వైపులా కొలిచి పటం గీస్తారు. ప్రతి రాతికీ ఏ దిక్కు, ఏ వరుస, ఎన్నోది అని తెలిసేలా అంకె వేస్తారు. విప్పడం పైనుంచి కిందికి, కట్టడం కిందినుంచి పైకి. కష్టమంతా శిఖరంలోనే. అక్కడ ఒక్కో వరుస లోపలికి జరుగుతూ వంపు తిరుగుతుంది. కింద అంగుళం తప్పితే ఆ తేడా పైవరకూ వెంటాడుతుంది. పైగా పాత రాయిని పెకలించేటప్పుడు అంచులు పెట్లిపోతాయి, అతుకులు మునుపటిలా బిగిసి కూర్చోవు. అందుకే తరలించిన గుడి ఏదైనా సరే, శిల్పాలకంటే ముందు అతుకులు చూడండి. మాది పల్నాడు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు నాగార్జునకొండ కట్టడాలను ఇలాగే పైకి చేర్చారు. అక్కడికి లాంచీలో పోవాలి, టిక్కెట్టు కోసం గంటలు నిలబడాలి. ఇక్కడ గుడి పక్కదాకా ఆటో వెళ్తుంది. అయినా మనుషులు లేరు.

మర్నాడు అలంపురం. కర్నూలు నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. నేరుగా వెళ్లే బస్సుకోసం కాచుకోవడం కంటే హైదరాబాదు దారిలో పోయేది ఎక్కి అలంపూర్ చౌరస్తాలో దిగి ఆటో పట్టుకోవడం నయం. దూరప్రాంత బస్సులన్నీ అక్కడ ఆపరు, ఎక్కేముందే కండక్టరును అడగండి. సొంత కారైతే వంతెన దాటాక టోల్ కట్టాలి.

ఎక్కువమంది జోగులాంబ దర్శనం చేసుకుని వెనక్కి తిరుగుతారు. పక్కనే నవబ్రహ్మ ఆలయాలు, బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టినవి. పేరు బ్రహ్మదైనా లోపలుండేది శివుడే. ముందు తారకబ్రహ్మ శిఖరం చూసి, తర్వాత మిగతావాటిని చూడండి. అదొక్కటే దక్షిణాది పద్ధతి, మిగతావి వంపు తిరిగి పైన ఉసిరికాయలాంటి ఆమలకంతో ముగిసే ఉత్తరాది రేఖానాగరం. స్వర్గబ్రహ్మ దగ్గర తొందరపడొద్దు. గోడల మూలల్లో దిక్పాలకులున్నారు. తూర్పు వైపు శిల్పాలకు ఉదయం ఎండ, పడమటి వైపుకు సాయంత్రం ఎండ కావాలి. మిట్టమధ్యాహ్నం నీడలు తెగవు, చెక్కుడు చదునుగా కనబడుతుంది. ఏప్రిల్లో బండలు కాలుతాయి, మేజోళ్లు తెచ్చుకోండి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్నీ, పాపనాశి గుళ్లనూ కూడా ముంపు నుంచి ఈ ఊరికే చేర్చారు. నవబ్రహ్మలు చూసిన కళ్లతో వెంటనే వీటి అతుకులు చూడాలి.

ఇక కదలకుండా ఉండిపోయింది ఒకటుంది. నందికొట్కూరు మీదుగా ముచ్చుమర్రి దాటాక సప్తనదీ సంగమేశ్వరం. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అది 840 దరిదాపులకు దిగితే గానీ గుడి పూర్తిగా బయటపడదు. ఎండాకాలంలోనే వీలు, అదీ ఏటా ఒకే తేదీకి కాదు. శ్రీశైలం నీటిమట్టం రోజూ పేపర్లో వస్తుంది, చూసుకుని బయల్దేరండి. నీళ్లు అప్పుడే తీసిన చోట నేల పైకి ఎండినట్టుంటుంది, లోపల బురద. కారు గట్టి దారి మీదే ఆపి, జనం నడిచిన జాడలోనే నడవండి. మంచినీళ్లు వెంట ఉండాలి, నీడ లేదు.

లోపలి లింగం రాయి కాదు, వేపమొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠ అని స్థలపురాణం. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో నానుతుంది. ఒండ్రు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పూజారి హారతి వెలిగించినప్పుడు ఆ కర్ర మీది పగుళ్లు ఒక్కొక్కటీ కనిపించాయి.