అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇక్కడి కాస్త పెద్ద వయసు బిడ్డని దత్తత తీసుకోవాలంటే

గుంటూరు, విజయవాడల్లో అమెరికా సంబంధం లేని వీధి అరుదు. కొడుకూ కోడలూ అక్కడ స్థిరపడి, దత్తత తీసుకోవాలని నిర్ణయించుకుని, కాస్త కనుక్కోమని ఇక్కడి పెద్దవాళ్లకి ఫోన్ చేస్తారు. పెద్దవాళ్లు మొదట చేసేవి రెండే పనులు: తెలిసిన నర్సింగ్ హోమ్‌లో వాకబు చేయడం, రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే ఆయన్ని కలవడం. దయచేసి ఈ రెండూ చేయకండి. మొదటిది నేరానికి దారి తీస్తుంది. అనాథ బిడ్డని చట్టం చెప్పిన పద్ధతి తప్పించి ఇచ్చినా, పుచ్చుకున్నా జువెనైల్ జస్టిస్ చట్టం 80వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. డబ్బు చేతులు మారితే అది 81వ సెక్షన్, ఐదేళ్ల వరకు.

రెండోది నేరం కాదు కానీ దారి మూసేస్తుంది. 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద రాసుకున్న దత్తత పత్రం ఇక్కడి ఆస్తి వ్యవహారాలకి చెల్లుతుంది. అమెరికా వీసాకి ఆ కాగితం ఒక్కటే చాలదు. దేశాల మధ్య దత్తతలకి నియమాలు పెట్టిన హేగ్ దత్తత ఒప్పందంలో ఇండియా 2003 నుంచి, అమెరికా 2008 నుంచి ఉన్నాయి. ఆ ఒప్పందం కింద ముందు అమెరికా తాత్కాలిక ఆమోదం ఇవ్వాలి, తర్వాతే ఇక్కడ దత్తత పూర్తి కావాలి. వరుస తిరగబడితే, ఆ బిడ్డ కోసం అమెరికా ప్రభుత్వానికి పెట్టే ఐ-800 దరఖాస్తు తిరస్కరిస్తారు. తమ్ముడి బిడ్డనో చెల్లెలి బిడ్డనో తీసుకుందామనుకునే వాళ్లు ఇక్కడే ఎక్కువగా చిక్కుకుంటారు. బంధువుల దత్తతకి మన జువెనైల్ జస్టిస్ చట్టంలో 60వ సెక్షన్ ఉంది. కానీ కన్న తల్లిదండ్రులిద్దరూ బతికి ఉంటే, వాళ్లకి బిడ్డని సరిగా పోషించే శక్తి లేదని రుజువైతే తప్ప అమెరికా ఒప్పుకోదు. చక్కగా సంపాదించుకుంటున్న తమ్ముడు ప్రేమతో బిడ్డనిస్తానన్నా కుదరదు.

ఇక వీసా హోదా. ఐ-800 కంటే ముందు, దత్తతకి తాము అర్హులమని తేల్చుకోవడానికి ఐ-800ఏ దరఖాస్తు పెట్టాలి. అది పెట్టాలంటే భార్యాభర్తల్లో ఒకరైనా అమెరికా పౌరులై ఉండాలి. హెచ్-1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్న జంటకి ఆ దారి లేదు. వాళ్లు దత్తత బిడ్డని తమ వెంట తీసుకెళ్లాలంటే బిడ్డకి 16 ఏళ్లు నిండకముందే దత్తత జరగాలి, రెండేళ్ల చట్టబద్ధ సంరక్షణ, రెండేళ్ల కలిసి నివాసం ఉండాలి. అంటే ఎవరో ఒకరు ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చి ఉండాల్సిందే. దత్తత ఉత్తర్వు చేతికొచ్చాక ఈ సంగతి తెలిసి, బిడ్డ ఒక దేశంలో, తల్లిదండ్రులు ఇంకో దేశంలో ఉండిపోవడం కంటే క్రూరమైన పరిస్థితి లేదు. ముందే లాయరుతో మాట్లాడండి.

అమెరికా పౌరసత్వం తీసుకుని, భారత సంతతి విదేశీ పౌరులకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డుతో ఉన్న జంటల మాటేమిటి? జువెనైల్ జస్టిస్ చట్టం 59వ సెక్షన్ ప్రకారం, దత్తతకి అర్హత వచ్చిన బిడ్డకి 60 రోజుల్లోగా దేశంలోని వాళ్లు గానీ ఎన్నారైలు గానీ దొరక్కపోతే విదేశీ దత్తతకి వీలవుతుంది. అప్పుడు ఓసీఐ వాళ్లకి ప్రాధాన్యం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసం ఇక్కడే ఏళ్ల తరబడి ఎదురుచూసే దంపతులున్నారు, ఆ బిడ్డ 60 రోజులు ఆగదు. ఆగిపోయేది ఐదేళ్లు దాటిన పిల్ల, అన్నాచెల్లెళ్లు కలిసి ఉన్న జంట, గుండె జబ్బో వినికిడి లోపమో ఉన్న బాబు. ఈ పిల్లలకే విదేశీ దత్తతలో ముందు అవకాశం ఇవ్వవచ్చని అదే సెక్షన్ చెబుతుంది. కాబట్టి మొదట తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: మీకు కావాల్సింది పసికందా, లేక ఇప్పటికే అమ్మానాన్నల కోసం చూస్తున్న ఒక బిడ్డా? రెండోదే అయితే మిగతాదంతా ఆ జవాబు మీదే నిలబడుతుంది. ఆ జవాబు హోమ్ స్టడీలో అక్షరాలా రాసి ఉండాలి.

హోమ్ స్టడీ అంటే మీ ఇల్లు, ఆదాయం, ఆరోగ్యం, దాంపత్యం, నేర చరిత్ర అన్నీ పరిశీలించి సోషల్ వర్కర్ రాసే నివేదిక. బిడ్డ పెరగబోయే ఇంటి మీద రాసేది కాబట్టి గుంటూరులో అత్తగారి చిరునామా ఇచ్చి కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లో స్థానికులుగా నమోదైతే పని జరగదు. అమెరికాలో ఉన్నవాళ్లు కారా గుర్తింపు ఉన్న అక్కడి ఏజెన్సీ ద్వారానే నమోదు కావాలి. ఆ నివేదికలో బిడ్డ వయసు పరిధి, ఎందరు పిల్లలు, ఏ ఏ ఆరోగ్య సమస్యలకి మీరు సిద్ధం అన్నది స్పష్టంగా ఉండాలి. ‘0–3 ఏళ్లు, ఆరోగ్యవంతమైన బిడ్డ’ అని రాయించుకుని, తర్వాత ఏడేళ్ల పాప ఫోటో చూసి మనసు పడితే నివేదిక సవరించాలి, ఐ-800ఏకి ‘సప్లిమెంట్ 3’ అనే అనుబంధ పత్రం దాఖలు చేయాలి, నెలలు గడిచిపోతాయి. మరో తేడా కూడా చూసుకోండి: మన దగ్గర హోమ్ స్టడీ మూడేళ్లు చెల్లుతుంది, అమెరికాలో ఐ-800ఏ ఆమోదం 15 నెలలే. గడువు దాటకముందే పొడిగింపు అడగాలి.

వయసు లెక్క మన నిబంధనల్లో ఇలా ఉంటుంది: రెండేళ్లలోపు బిడ్డకి దంపతులిద్దరి వయసు కలిపి 85 దాటకూడదు, నాలుగేళ్ల వరకు 90, ఎనిమిదేళ్ల వరకు 100, ఆ పైన 110. బిడ్డకీ మీకూ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. నమోదు తేదీ నాటి వయసే లెక్క. ఇద్దరు పిల్లలు ఉన్న దంపతులకి, బంధువుల దత్తత కాకపోతే, ప్రత్యేక అవసరాలున్న పిల్లలూ, కుటుంబం దొరకడం కష్టమైన పిల్లలూ మాత్రమే వస్తారు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లని ఇవ్వరు. అమెరికా వైపు బిడ్డకి 16 నిండకముందే ఐ-800 దాఖలు కావాలి. 14, 15 ఏళ్ల పిల్లల విషయంలో ప్రతి నెలా విలువైనదే.

బిడ్డ ఫైలు వచ్చాక 96 గంటల్లో రిజర్వు చేయాలి, 30 రోజుల్లో అంగీకారం తెలపాలి. ఫైలులో ఫోటో, బిడ్డ సామాజిక నివేదిక, వైద్య నివేదిక ఉంటాయి. అందరూ ఫోటో దగ్గర ఆగిపోతారు. మీరు వైద్య నివేదిక దగ్గర ఆగండి. ‘గుండెలో రంధ్రం’ అని ఉంటే చాలదు. ఎకో రిపోర్టు కావాలి, రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లు, ఊపిరితిత్తుల రక్తపోటు పెరిగిందా అన్నవి కావాలి. చిన్నప్పుడే మూయాల్సిన పెద్ద రంధ్రం ఏడేళ్ల దాకా ఉండిపోతే, ఒక్కోసారి ఆపరేషన్ దశ దాటిపోయి ఉంటుంది. గ్రహణమొర్రి అయితే పెదవి ఒక్కటేనా, అంగిలి కూడానా, ఏ ఆపరేషన్ ఎప్పుడు జరిగింది అని అడగండి. అంగిలి ఆలస్యంగా కుట్టిన బిడ్డకి మాట స్పష్టత కోసం ఏళ్ల తరబడి స్పీచ్ థెరపీ ఉంటుంది, పళ్ల చిగుళ్ల ఎముకకి మళ్లీ శస్త్రచికిత్స ఉంటుంది. తలసీమియా మేజర్ (ఒంట్లో రక్తం సరిగా తయారవని జబ్బు) అంటే మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించడం, ఒంట్లో పేరుకునే ఇనుము తగ్గించే మందులు, మీ ఇన్సూరెన్సు దానికి సరిపోవాలి. ఏడాదిన్నరలోపు బిడ్డకి హెచ్‌ఐవీ యాంటీబాడీ పాజిటివ్ వస్తే అది తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీ కావచ్చు, పీసీఆర్ పరీక్ష తేల్చాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ‘ఎదుగుదల స్వల్పంగా మందగించింది’ అన్న వాక్యం. దాని వెనక ఏమైనా ఉండవచ్చు: సంస్థలో ఒడిలోకి తీసుకునేవాళ్లు లేక వెనకబడిన బిడ్డ కావచ్చు, ఎవరూ పరీక్షించని వినికిడి లోపం కావచ్చు, మెదడు సమస్యే కావచ్చు. తేల్చుకోవడానికి వేర్వేరు తేదీల్లో తీసిన తల చుట్టుకొలత, బరువు, ఎత్తు అడగండి. ఒక్క కొలత ఏమీ చెప్పదు, వరుస కొలతలు చాలా చెబుతాయి. ఒక వీడియో అడగండి: బిడ్డ మెట్లెక్కుతూ, పెన్సిల్ పట్టుకుని, పేరు పిలిస్తే తిరిగి చూస్తూ, ఆయాతో తెలుగులో మాట్లాడుతూ. వైకల్యానికిచ్చే సదరం సర్టిఫికెట్ ఉంటే అది వైకల్య శాతం చెబుతుంది, బిడ్డ ఏం చేయగలదో చెప్పదు. ఈ సరంజామా అంతా దత్తత పిల్లల ఫైళ్లు చదవడంలో అనుభవం ఉన్న అమెరికా పిల్లల డాక్టరుకి పంపండి. వయసు కూడా అనుమానించండి. రోడ్డు మీద దొరికిన బిడ్డకి పుట్టిన తేదీ వైద్యులు అంచనా కట్టిందే, ఏడాది రెండేళ్ల తేడా మామూలు.

కాదనుకుంటే ఆ 30 రోజుల్లోనే కాదనండి. బిడ్డని కలిశాక వెనక్కి తగ్గితే ఆ దెబ్బ బిడ్డకి తగులుతుంది.

అంగీకారం తర్వాత కాగితాలు ఈ వరుసలో నడుస్తాయి: ఐ-800 తాత్కాలిక ఆమోదం, దత్తతకి ముందుకెళ్లవచ్చని అమెరికా వైపు నుంచి ఆర్టికల్ 5 లేఖ, అభ్యంతరం లేదని కారా ఇచ్చే ఎన్‌ఓసీ, కలెక్టరు దత్తత ఉత్తర్వు, దత్తత ఒప్పందం ప్రకారమే జరిగిందని కారా నుంచి హేగ్ ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వీసా. 2022 సెప్టెంబరు 1 నుంచి ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరే. గడువు రెండు నెలలు. ఇక్కడ మన జిల్లాల విభజన ఒక చిక్కు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది, పాత గుంటూరు నుంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. బిడ్డ దొరికినప్పటి కాగితంలో ‘కృష్ణా జిల్లా’ అనీ, తర్వాతి ఉత్తర్వులో ‘ఎన్టీఆర్ జిల్లా’ అనీ ఉంటే ఎవరో ఒకరు ప్రశ్నిస్తారు. జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి వివరణ లేఖ ముందే ఫైలులో పెట్టించండి. మీ పేర్లదీ అదే కథ: ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఒకదానిలో వెనక, ఒకదానిలో పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉత్తర్వులోనూ, బిడ్డ జనన ధ్రువపత్రంలోనూ ఉండాలి. ముసాయిదా దశలో అక్షరం అక్షరం చూసుకోండి, జారీ అయ్యాక సవరణ అంటే మళ్లీ కలెక్టరేట్ చుట్టూ తిరగడమే.

డబ్బు: ఇక్కడి సంస్థకి నిబంధనల ప్రకారం చెల్లించేది 5,000 డాలర్లు, అధికారిక పద్ధతిలో, రసీదుతో. దానికి మించి విరాళం అడిగితే ఇవ్వకండి. అమెరికా ఏజెన్సీ ఖర్చులు వేరు. అక్కడి పన్ను రాయితీ ఫారం 8839 మీద వస్తుంది, విదేశీ దత్తతలో దత్తత పూర్తయ్యాకే. ఒక అపోహ ఉంది: ప్రత్యేక అవసరాల బిడ్డయితే ఖర్చు చూపకుండానే పూర్తి రాయితీ అని. అది అమెరికాలోని పిల్లలకే. మన బిడ్డకి ఎంత వైకల్యం ఉన్నా, నిజంగా పెట్టిన ఖర్చే లెక్కలోకి వస్తుంది, రసీదులన్నీ దాచండి.

వీసా వైద్య పరీక్షలో 2 నుంచి 14 ఏళ్ల పిల్లలకి క్షయ కోసం ఇగ్రా రక్తపరీక్ష చేస్తారు. బీసీజీ టీకా వల్ల అది పాజిటివ్ రాదు. పాజిటివ్ వస్తే ఎక్స్‌రే, అందులో అనుమానం ఉంటే కఫం కల్చరు. కల్చరు ఫలితానికి ఎనిమిది వారాలు పట్టవచ్చు. రిటర్న్ టికెట్లు ముందే కొనకండి.

బిడ్డ సంగతికొస్తే, ఎనిమిదేళ్ల పాపకి ఒక జీవితం వెనక ఉంది. తను పెరిగిన సంస్థలో ఆయాల పేర్లు, పక్క మంచం స్నేహితురాలు, చదివిన బడి కాగితాలు, ఉన్న ప్రతి ఫోటో అడిగి తెచ్చుకోండి. తర్వాత అవి దొరకవు. పేరు మార్చకండి. వెళ్లాక కొన్ని నెలలు దిండు కింద చపాతీ దాచుకోవచ్చు. తిట్టకుండా, ఎప్పుడైనా తీసుకునేలా వంటింట్లో తన డబ్బా ఒకటి పెట్టండి. ఇరవై మంది మధ్య పడుకున్న పిల్ల ఒంటరి గదిలో నిద్రపోదు, మీ గదిలోనే పరుపు వేయండి. తెలుగు ఇల్లు ఈ పిల్లకి పెద్ద వరం, దాన్ని చేజార్చుకోకండి. ఇంట్లో ఉన్న పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడుకున్నా, మీరు మొదటి ఏడాదంతా తెలుగే మాట్లాడండి. పప్పన్నం, పెరుగన్నం ఉంటే తొలి నెలల్లో బరువు తగ్గకుండా ఉండొచ్చు. బడిలో ప్రత్యేక విద్య మదింపు రాతపూర్వకంగా వెంటనే అడగండి, వీలైనంతవరకు బిడ్డ భాషలోనే జరగాలని అక్కడి చట్టం చెబుతుంది. ‘ఇంగ్లీషు వచ్చాక చూద్దాం’ అంటే ఒప్పుకోవద్దు. ఇంగ్లీషు వచ్చేలోపు తెలుగు తగ్గిపోవచ్చు, అప్పుడు నిజమైన లోపం ఏ భాషలోనూ తేలకపోవచ్చు.

ఇక్కడి నాయనమ్మ, తాతయ్యలకి ఒక మాట: పాప ఎక్కడ దొరికింది, కన్నవాళ్లెవరు అన్నది చుట్టాలకి చెప్పకండి. ఆ కథ పాపది.

బిడ్డ వెళ్లాక రెండేళ్లపాటు నివేదికలు రావాలి, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి. రెండో ఏడాది చాలామంది మరిచిపోతారు, ఏజెన్సీ గుర్తు చేసేదాకా ఆగకండి. దత్తత ఇక్కడే పూర్తయి, అలాంటి బిడ్డలకిచ్చే ఐహెచ్-3 వీసాతో వెళ్లిన 18 ఏళ్లలోపు బిడ్డ అమెరికాలో అడుగుపెట్టగానే ఆ దేశ పౌరురాలవుతుంది. అంటే వెళ్లేటప్పుడు వాడిన ఇండియన్ పాస్‌పోర్టుతో తిరిగి రాకూడదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకుని, పాతది సరెండర్ చేసి, ఓసీఐకి దరఖాస్తు పెట్టండి. వేసవి సెలవులకి గుంటూరు రావాలనుకుంటే చలికాలంలోనే ఈ పని మొదలుపెట్టాలి.