రక్తం మాత్ర, ఎముక, గోంగూర

పద్నాలుగేళ్లుగా వార్ఫరిన్ వేసుకుంటున్నాను. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ ఫీవర్ వల్ల గుండెలో మైట్రల్ వాల్వు పాడైతే మెటల్ వాల్వు పెట్టారు, దానిమీద రక్తం గడ్డకట్టకుండా ఈ మాత్ర జీవితాంతం వేసుకోవాల్సిందే. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష 2.5కీ 3.5కీ మధ్య ఉందా లేదా అన్నదే ఇన్నేళ్లూ నా ధ్యాస. ఎముకల గురించి నేనెప్పుడూ అనుకోలేదు, నాకెవరూ చెప్పనూ లేదు.

పోయిన శ్రావణంలో గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి మెట్ల దగ్గర తడికి కాలు జారి కుడిచెయ్యి నేలకి ఆనించాను, అంతే, మణికట్టు విరిగింది. చెయ్యి ఉబ్బిపోతుంటే మా ఆడపడుచు సబ్బు నురగ రాసి మట్టిగాజులు ఒక్కొక్కటే ఊడదీసింది. సాయంత్రానికి మోచేతి దాకా వంకాయ రంగు తిరిగింది. నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోకూడదు, ఈ మాత్రతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. పారాసిటమాల్‌తోనే ఆ రాత్రి గడిచింది.

కట్టు వేశాక ఎముకల డాక్టరుగారు, "ఇంత చిన్నగా పడితేనే విరిగిందంటే స్కాన్ తీయాలమ్మా" అన్నారు. ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు మైనస్ 2.7 వచ్చింది. మైనస్ 2.5కి దిగితేనే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం, అంటారు. రక్తంలో కాల్షియం మాత్రం నార్మల్! అదెలాగని అడిగితే, రక్తంలో కాల్షియం తగ్గకుండా ఒళ్లు ఎముకల్లోంచి తీసి సర్దుకుంటుందనీ, అందుకే ఆ పరీక్ష చూసి ఎముక బాగుందనుకోకూడదనీ ఓపిగ్గా చెప్పారు.

వార్ఫరిన్ సంగతీ అప్పుడే తెలిసింది. ఇది విటమిన్ కె పనిని అడ్డుకుని రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. కానీ ఎముకలో కాల్షియాన్ని పట్టి ఉంచే ఆస్టియోకాల్సిన్ అనే ప్రొటీన్‌కీ, రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకోకుండా చూసే ఇంకో ప్రొటీన్‌కీ కూడా ఆ విటమినే కావాలి. అంటే కాల్షియం ఉండాల్సిన చోట నిలవక, ఉండకూడని చోట చేరే అవకాశం ఉంది. అయితే ఎముకల మీద దీని ప్రభావం ఎంతన్నదాంట్లో పరిశోధనలన్నీ ఒకేమాట చెప్పవట. నా విషయంలో ముట్లు ఆగిపోయి ఆరేళ్లవడం, ఎండ మొహం చూడకపోవడం, విటమిన్ డి బాగా తక్కువుండటం కూడా కలిశాయన్నారు.

నాకు బాధేసింది ఇంకోదానికి. ఆపరేషనైన కొత్తలో ఒకరు, విటమిన్ కె ఉంటుంది, ఆకుకూరల జోలికి పోవద్దన్నారని గోంగూర, తోటకూర, మునగాకు మొత్తం మానేశాను, గుంటూరులో పుట్టి! మానక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తింటే దానికి తగ్గట్టు మాత్ర డోసు సర్దుతామన్నారు గుండె డాక్టరుగారు. మెటల్ వాల్వు ఉన్నవాళ్లకి కొత్తరకం బ్లడ్ థిన్నర్లు పనికిరావు కాబట్టి మాత్ర మార్చే దారి లేదు. దయచేసి ఎవరూ సొంతంగా మాత్ర ఆపొద్దు, విటమిన్ కె బిళ్లలూ కొనుక్కోవద్దు.

విటమిన్ డి 60,000 యూనిట్లు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు, అన్నంతోపాటు కాల్షియం, ఎముకకి వేరే మందు, పొద్దున ఎండలో నడక. ఆకుకూర మొదలుపెట్టిన నెలలో వారానికోసారి ఐఎన్‌ఆర్ చూపించుకున్నాను, ఒకసారి 2.1కి దిగితే చాలా టెన్షన్ పడ్డాను, డోసు కాస్త పెంచాక కుదురుకుంది.

మొన్న ఆదివారం రోట్లో గోంగూర పచ్చడి నేనే నూరాను, కుడిచేత్తోనే. కొలత ప్రకారం రెండు ముద్దలు తిన్నాను.